ఫ్లెక్సో ఇంకు ఏది కొనాలి? ప్యాకెట్‌ను బట్టి ఎంపిక

ఇంకు సప్లయర్ రాగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "కిలో ఎంత?" అనే. ధర అడగడంలో తప్పేం లేదు. కానీ అంతకన్నా ముందు మనం తేల్చుకోవాల్సిన సంగతులు మూడున్నాయి. దేని మీద వేస్తున్నాం, లోపల ఏ సరుకు పోస్తారు, ఆ ప్యాకెట్ మన షెడ్డు దాటాక ఎక్కడెక్కడ తిరుగుతుంది. ఐసు నీళ్లలో నానే పాల ప్యాకెట్‌కీ, నూనె కారే ఆవకాయ పౌచ్‌కీ, ఎండలో లారీ మీద వెళ్లే సిమెంటు సంచికీ ఒకే ఇంకు అమ్మజూపే సప్లయర్ ఉంటే, అతను తన స్టాకు ఖాళీ చేసుకుంటున్నాడని అర్థం.

ఫ్లెక్సో అంటే ఎత్తైన అచ్చున్న మెత్తటి ప్లేటుతో ఫిల్మ్, కాగితం, అట్టల మీద ప్రింట్ చేసే పద్ధతి. ఇందులో వాడే ఇంకులు ముఖ్యంగా మూడు రకాలు: వాటర్ బేస్డ్, సాల్వెంట్ బేస్డ్ (ఆల్కహాల్ లాంటి ద్రావకాలతో చేసేవి), యూవీ (అతినీలలోహిత కాంతికి గట్టిపడేవి). ఎలక్ట్రాన్ బీమ్‌తో గట్టిపడేవి నాలుగో రకం. వాటికి కావాల్సిన మెషీన్ ఖర్చు చిన్న, మధ్య తరహా యూనిట్లకు అందేది కాదు కాబట్టి ఇక్కడ వాటిని వదిలేస్తున్నా. ఈ మూడింటికీ అసలు తేడా ఆరే తీరులోనే ఉంది. వాటర్ బేస్డ్ ఇంకు కొంత కాగితంలోకి ఇంకి, మిగతాది ఆవిరై ఆరుతుంది. సాల్వెంట్ ఇంకు వేడిగాలికి ఆవిరై ఆరుతుంది. యూవీ ఇంకులో ఆవిరయ్యేది ఏమీ ఉండదు. ల్యాంపు కింద నుంచి వెళ్లేటప్పుడు సెకనులో కొంత భాగంలోనే మొత్తం గట్టిపడిపోతుంది. మిగతా మంచీ చెడూ చాలావరకు ఈ తేడా నుంచి వచ్చేవే.

అట్టపెట్టెలకు వాటర్ బేస్డే

ఇందులో పెద్ద చర్చ అక్కర్లేదు. క్రాఫ్ట్ కాగితం ఇంకును పీల్చుకుంటుంది, డ్రయ్యర్ పెద్దగా లేని ప్రింటర్ స్లాటర్ (అట్ట మీద ప్రింట్ చేసి గాడులు కోసే మెషీన్) మీద కూడా పని అయిపోతుంది, అగ్గి భయం తక్కువ, ఖర్చూ తక్కువ. నూజివీడు మామిడి పెట్టెలైనా, గుంటూరు కారం ప్యాకెట్లు సర్దే కార్టన్లైనా దారి ఇదే. ఆలోచించాల్సింది ఇంకులోని మైనపు పాళ్ల గురించి. రొయ్యల మాస్టర్ కార్టన్లు మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలోంచి బయటికి రాగానే పెట్టె మీద నీరు కమ్ముతుంది. ఆ తడిలో ఒకదాని మీద ఒకటి రాసుకుంటే మామూలు ఇంకు పక్క పెట్టెకు అంటుకుంటుంది. ఇలాంటి జాబ్‌కు తడి రాపిడిని తట్టుకునే గ్రేడు కావాలని ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పాలి. మెషీన్ మీదకు వచ్చాక ఏదో కలిపి సరిచేద్దామంటే కుదరదు.

వాటర్ బేస్డ్ ఇంకును పాడుచేసేది ఎక్కువగా ఆపరేటర్ చేతిలోని నీళ్ల మగ్గే. ఇందులో రంగును పట్టి ఉంచే జిగురు లాంటి యాక్రిలిక్ రెసిన్ నీటిలో కరిగి ఉండాలంటే ఇంకు క్షారంగా ఉండాలి, అంటే పీహెచ్ 8.5 నుంచి 9.5 మధ్య. అందుకోసం కలిపే అమోనియా లేదా అమైన్, మెషీన్ నడుస్తున్నంతసేపూ మెల్లగా గాలిలో కలిసిపోతూ ఉంటుంది. పీహెచ్ పడిపోతుంది, ఇంకు చిక్కబడుతుంది. చిక్కబడింది కదా అని ఆపరేటర్ మగ్గుతో నీళ్లు పోస్తాడు. చిక్కదనం (విస్కాసిటీ) కొలిచే కప్పులోంచి ఇంకు కారడానికి పట్టే సెకన్లు సరిగ్గానే వస్తాయి. కానీ రెసిన్ మాత్రం విరిగిన పాలలా అయిపోతుంది: రంగు వెలవెలబోతుంది, నురగ లేస్తుంది, ప్లేటుకు ఇంకు అందించే అనిలాక్స్ రోలర్ మీది సన్నని గుంతలు పూడుకుపోతాయి. ముందు పీహెచ్ చూసి, పడిపోతే సప్లయర్ ఇచ్చిన అమైన్ కలిపి, ఆ తర్వాతే విస్కాసిటీ సరిచేయాలి. జేబులో పట్టే పీహెచ్ మీటరు కొనడానికి వెనకాడే యూనిట్లు వాటర్ బేస్డ్ ఇంకును తిట్టడం మామూలే.

ఇంకో సంగతి. ఒకసారి ఆరిపోయిన వాటర్ బేస్డ్ ఇంకు మళ్లీ నీళ్లలో కరగదు. మెషీన్ ఆపి భోజనానికి వెళ్లొచ్చేసరికి అనిలాక్స్ మీద గట్టిపడి ఉంటుంది. ఆపగానే కడగాలి. ఆ కడిగిన నీళ్లను డ్రైనేజీలోకి వదిలేయడం కుదరదు, కాలుష్య నియంత్రణ మండలికి జవాబు చెప్పుకోవాలి. నీళ్ల ఇంకు కదా, ఏ ఇబ్బందీ ఉండదు అనుకుని దిగేవాళ్లు ఈ ఖర్చు లెక్కేసుకోరు.

పాల ప్యాకెట్, నూనె ప్యాకెట్: సాల్వెంట్ ఇంకు, అందులో మళ్లీ రెసిన్

ఫిల్మ్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఫిల్మ్ దేన్నీ పీల్చుకోదు. నీటి తలతన్యత (ద్రవం పరుచుకోకుండా ముద్దకట్టే గుణం) 72 డైన్లు, ఆల్కహాల్‌ది 22 దగ్గర. ట్రీట్‌మెంట్ చేయని పాలిథిన్ ఉపరితలం 31 డైన్ల దగ్గర ఉంటుంది. అందుకే దాని మీద నీళ్లు ముద్దలు కడతాయి, ఆల్కహాల్ పరుచుకుంటుంది. కరోనా ట్రీట్‌మెంట్‌తో, అంటే ఫిల్మ్ మీద కరెంటు మెరుపులు పంపి, 38 డైన్లకు తెచ్చుకుంటే సాల్వెంట్ ఇంకు పట్టుకుంటుంది. వాటర్ బేస్డ్‌కు ఇంకా పైకి, 40 దాటించుకోవాలి, పైగా డ్రయ్యర్‌లో గాలి బలంగా తగలాలి. ఫిల్మ్ మీద వాటర్ బేస్డ్ నడుపుతున్న వాళ్లు లేకపోలేదు. డ్రయ్యర్ దానికి తగ్గట్టు కట్టిన మెషీన్ ఉంటే ప్రయత్నించవచ్చు. పాత స్టాక్ టైప్ (ప్రింటింగ్ యూనిట్లు ఒకదాని మీద ఒకటి ఉండే) మెషీన్ మీద మాత్రం వద్దంటాను.

సాల్వెంట్ ఇంకు అని నిర్ణయించుకుంటే పని సగమే అయినట్టు. అసలు ఎంపిక అందులోని రెసిన్‌ది.

పాలీఅమైడ్ ఇంకు పాలిథిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, మెరుపు బాగుంటుంది, మడతపెట్టినా పగలదు. వేడికి మాత్రం మెత్తబడుతుంది, నూనెకు కరుగుతుంది. నైట్రోసెల్యులోజ్ వేడికి తట్టుకుంటుంది, త్వరగా ఆరుతుంది, కానీ ఒక్కదాన్నే పాలిథిన్ మీద వేస్తే పెళుసుగా రాలిపోతుంది. అందుకే పాలిథిన్ సర్ఫేస్ (బయటి ముఖం) ప్రింటింగ్‌కు ఈ రెండూ కలిసిన ఇంకులు వాడతారు. పాల ప్యాకెట్‌కు సరిపోయేది ఇదే. ఫిల్లింగ్ మెషీన్‌లో ప్యాకెట్‌ను వేడితో సీలు చేసే జా తాకినప్పుడు రంగు అంటుకోకూడదు, తర్వాత క్రేటులో ఐసు నీళ్లలో నానినా ఊడకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు లాగే గుణాలు. సప్లయర్ ఏది ఎంత పాళ్లలో కలిపాడో చెప్పడు కాబట్టి పరీక్ష మనమే చేసుకోవాలి. ప్రింటయిన పౌచ్‌ను ఐసు నీళ్లలో రాత్రంతా ఉంచి, పొద్దున నీళ్లలోనే రెండు చేతుల మధ్య గట్టిగా నలపండి. ఇంకు పొరలుగా లేచిందంటే రేపు ఉదయం నాలుగు గంటలకు పాల బూత్ అతని చేతికి రంగు అంటినట్టే.

పరీక్షలో ఇంకు ఊడితే వెంటనే ఇంకును తప్పుపట్టకండి. ముందు ట్రీట్‌మెంట్ ఎన్ని డైన్లుందో చూపే డైన్ పెన్నుతో ఫిల్మ్ మీద గీత గీయండి. ఫిల్మ్‌లో జారుడు కోసం కలిపే స్లిప్ పదార్థం రోజులు గడిచేకొద్దీ పైకి తేలుతుంది, ట్రీట్‌మెంట్ పడిపోతుంది. ఎక్స్‌ట్రూడర్ దగ్గర 40 చూపించిన రోలు, గోడౌన్‌లో కొన్ని వారాలు పడుకున్నాక 34, 35కి దిగిపోతే దాని మీద ఏ ఇంకూ నిలవదు. ప్రింటింగ్‌కు ముందు మెషీన్ మీదే ఇంకోసారి ట్రీట్ చేసే ఏర్పాటు ఉంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇప్పుడు పచ్చళ్లు. పౌచ్‌లో పచ్చడి నింపేటప్పుడు అంచుల మీద నూనె పడక తప్పదు. పైన పాలీఅమైడ్ ఇంకుతో సర్ఫేస్ ప్రింట్ చేసి ఉంటే ఆ నూనెకు ఇంకు జిగటగా మారుతుంది, వేలు పెడితే బ్రాండు పేరు వేలికి వస్తుంది. దీనికి నమ్మదగిన దారి రివర్స్ ప్రింటింగే. పైపొర పాలియెస్టర్ లోపలివైపు ప్రింట్ చేసి, దాని వెనక పాలిథిన్ పొర అతికించడం. ఇంకు రెండు పొరల మధ్య ఉంటుంది కాబట్టి నూనె తాకదు. అక్కడ కావాల్సింది పాలీయురెథేన్ ఇంకు. ల్యామినేషన్ జిగురుతో బాగా కలిసి పొరల పట్టు నిలబెడుతుంది. 121 డిగ్రీల వేడిలో ఒత్తిడితో ఉడికించే రిటార్ట్‌లో పెట్టే రెడీమేడ్ కూరల పౌచ్‌లకైతే పాలీయురెథేన్‌లోనూ రిటార్ట్‌కు పనికొచ్చే గ్రేడే తీసుకోవాలి, పిగ్మెంట్లు (రంగు పొడులు) కూడా ఆ వేడికి నిలిచేవి అయి ఉండాలి.

గ్రావ్యూర్ (చెక్కిన సిలిండర్‌తో ప్రింట్ చేసే పద్ధతి) కూడా ఉన్న యూనిట్లలో ఒక అలవాటు ఉంది. గ్రావ్యూర్ నుంచి మిగిలిన పాలీయురెథేన్ ఇంకును ఫ్లెక్సో ట్రేలో పోసేస్తారు. గ్రావ్యూర్ ఇంకులో ఇథైల్ ఎసిటేట్ లాంటి ఎస్టర్లు ఎక్కువ. ఫ్లెక్సో ఫోటోపాలిమర్ ప్లేటు ఆల్కహాల్‌ను ఓర్చుకుంటుంది కానీ ఎస్టర్లు సుమారు 20 శాతం దాటితే ఉబ్బుతుంది. చుక్కలు లావవుతాయి, చిన్న అక్షరాలు పూడుకుపోతాయి, చివరికి ప్లేటు పోతుంది. ఇంకులో మిగిల్చిన డబ్బు ప్లేట్లకు పెట్టాల్సి వస్తుంది.

ఎండాకాలం ఒక ఇంకు, వానాకాలం ఇంకో ఇంకా?

ఇంకు అదే, అందులో కలిపే సాల్వెంటే మారాలి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఎసిటేట్ వేగంగా ఎగిరిపోతాయి. ఇంకు ప్లేటు మీదే, అనిలాక్స్ గుంతల్లోనే ఆరిపోతుంది. అప్పుడు నెమ్మదిగా ఆరే మెథాక్సీ ప్రొపనాల్ లాంటిది కొద్దిగా కలుపుతారు. అదే మిశ్రమం వానాకాలంలోనూ కొనసాగిస్తే ఫిల్మ్‌లో సాల్వెంట్ మిగిలిపోయి వాసన వస్తుంది, రోలులో పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. కాకినాడ, విశాఖ లాంటి తీరంలో ఇంకో చిక్కు కూడా ఉంది. సాల్వెంట్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు ఇంకు చల్లబడి గాలిలోని తేమను లాక్కుంటుంది. నైట్రోసెల్యులోజ్ ఇంకు మీద తెల్లటి మబ్బులా కమ్ముతుంది. షేడ్ తప్పిందని రంగు కలుపుతూ పోవడం వృథా, చూడాల్సింది ట్రేలోకి చేరిన నీళ్లు.

సాల్వెంట్ అంటే అగ్గి కూడా. ఇథైల్ ఎసిటేట్ ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరికి నిప్పు అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత) మైనస్ 4 డిగ్రీలు, అంటే మన దగ్గర ఏ నెలలోనైనా నిప్పురవ్వ చాలు. ఫ్లేమ్‌ప్రూఫ్ మోటార్లు, ఎర్తింగ్, ఫిల్మ్ మీద స్టాటిక్ తీసే ఏర్పాటు లేకుండా ఈ ఇంకు జోలికి వెళ్లకూడదు. ఈ ఖర్చు పెట్టలేని వాళ్లు అట్టపెట్టెలు, కాగితం సంచులకే పరిమితమై వాటర్ బేస్డ్‌తో ఉండిపోవడం తెలివైన పని.

సంచులు, విత్తనాలు, సబ్బులు: ఇక్కడ పిగ్మెంట్ చూడాలి

నేసిన పాలీప్రొపిలీన్ సంచి మీద సాల్వెంట్ ఇంకే మామూలు. గరుకు ఉపరితలం కాబట్టి ఎక్కువ ఇంకు పట్టే అనిలాక్స్ కావాలి. ఫైన్ స్క్రీన్ డిజైన్ తెచ్చిన కస్టమర్‌కు అది సంచి మీద రాదని ముందే చెప్పేయాలి. రెసిన్ కన్నా ఇక్కడ నిలబెట్టేదీ ముంచేదీ పిగ్మెంట్. ఫ్లెక్సోలో మామూలుగా వాడే మెజెంటా, పిగ్మెంట్ రెడ్ 57:1, చవకే, చూడ్డానికీ బాగుంటుంది. కానీ ఎండకు వెలిసిపోతుంది, సబ్బు, సున్నం లాంటి క్షారాలకు నిలవదు. సిమెంటు క్షారం. బట్టల సబ్బు రేపర్ లోపలా క్షారమే. ఎరువుల దుకాణం ముందు నెలల తరబడి ఎండలో పేర్చిన సంచుల మీద ఎరుపు పోయి నీలం మాత్రమే మిగలడం చూసే ఉంటారు. నీలం ఎందుకు మిగులుతుందంటే, థాలో బ్లూ ఎండకూ క్షారానికీ బాగా తట్టుకుంటుంది. ఎండ నిలకడను బ్లూ ఊల్ స్కేలు మీద 1 నుంచి 8 దాకా కొలుస్తారు. బయట ఉండే సంచికి 6కు తక్కువ కాకుండా అడగండి. ధర పెరుగుతుంది, కాబట్టి ఎరుపు, పసుపు రంగులకు అడిగితే చాలు.

లేబుళ్లకు యూవీ, కానీ తిండి ప్యాకెట్ల దగ్గర ఆచితూచి

సన్న వెడల్పు లేబుల్ మెషీన్లకు యూవీ ఇంకు అతికినట్టు సరిపోతుంది. హైదరాబాద్ ఫార్మా కంపెనీలకు లేబుళ్లు వేసేవాళ్లను అడిగితే కారణం చెబుతారు. చీమ తలంత అక్షరాలు కూడా పదునుగా వస్తాయి, ట్రేలో ఎంతసేపున్నా ఆరదు, పొద్దున కలిపిన షేడ్ సాయంత్రం దాకా అదే. చిన్న చిన్న జాబ్‌లు రోజుకు పది మార్చుకునేవాళ్లకు ఇది పెద్ద సుఖం. కిలో ధర మిగతా రెంటికన్నా బాగా ఎక్కువ. అయితే అందులో ఎగిరిపోయేది ఏమీ లేదు కాబట్టి వేసిందంతా లేబుల్ మీదే ఉంటుంది, పల్చటి పొర చాలు.

ఎల్‌ఈడీ ల్యాంపు మార్పిస్తున్న వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పాత మెర్క్యురీ ల్యాంపుకు తయారైన ఇంకు ఎల్‌ఈడీ కింద సరిగ్గా గట్టిపడదు. ఎల్‌ఈడీ 385, 395 నానోమీటర్ల దగ్గర ఒకే ఇరుకు పట్టీలో వెలుగు ఇస్తుంది, ఇంకులో వెలుగు తగిలి గట్టిపడటాన్ని మొదలుపెట్టే ఫోటోఇనిషియేటర్ దానికి తగ్గది కావాలి. తెలుపు, నలుపు దట్టంగా వేసిన చోట్ల పైన ఆరినట్టు కనిపించి అడుగున పచ్చిగా ఉండటం ఎక్కువ. చేతి గ్లౌజులు తప్పనిసరి. పచ్చి యూవీ ఇంకు చర్మానికి తగిలితే కొందరికి వదలని ఎలర్జీ పట్టుకుంటుంది.

ఇక తిండి సంగతి. 2005లో ఇటలీలో పసిపిల్లల పాలలో ఐటీఎక్స్ అనే ఫోటోఇనిషియేటర్ బయటపడి, లక్షల లీటర్ల పాలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ కార్టన్ల మీద ప్రింటింగ్ యూవీ ఆఫ్‌సెట్, మన ఫ్లెక్సో కాదు. కానీ పాఠం మనకూ వర్తిస్తుంది. ఇంకు పెట్టె బయటే ఉంది, పాలు లోపల ఉన్నాయి. మరి ఎలా చేరింది? రోలు చుట్టినప్పుడు ప్రింటయిన ముఖం వెనక ముఖానికి ఆనుకుంటుంది. ఆ వెనక ముఖమే రేపు సరుకును తాకేది. ఇంకులో గట్టిపడకుండా మిగిలిన చిన్న అణువులు కంటికి కనిపించకుండా అలా దాటిపోతాయి. పాలిథిన్ పొర వాటికి అడ్డం కాదు. గాజు, తగినంత మందమున్న అల్యూమినియం ఫాయిల్ అడ్డమవుతాయి. కాబట్టి పచ్చడి గాజు సీసా మీద లేబుల్‌కు మామూలు యూవీ వాడొచ్చు. అదే పచ్చడి పాలిథిన్ పౌచ్‌కు వద్దు. తప్పదనుకుంటే లో మైగ్రేషన్ (చిన్న అణువులు తక్కువగా దాటే) యూవీ తీసుకుని, ప్రింటయిన రోలు శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపాలి.

అలాగని వాటర్ బేస్డ్ అయితే తిండికి సురక్షితమే అనే ప్రచారాన్ని నమ్మొద్దు. అందులోనూ అమైన్లు, బూజు పట్టకుండా కలిపే రసాయనాలు, నురగ తగ్గించేవి ఉంటాయి. ఏ రకం ఇంకైనా సరుకుకు నేరుగా తగిలే వైపు ప్రింట్ ఉండకూడదు. మన దేశంలో ఫుడ్ ప్యాకేజింగ్ ఇంకు భారతీయ ప్రమాణం ఐఎస్ 15495కి అనుగుణంగా ఉండాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనలు చెబుతున్నాయి. టోల్యూన్‌కు అందులో చోటు లేదు. సప్లయర్ దగ్గర "ఫుడ్ గ్రేడ్" అని రాసిన బ్రోషర్ తీసుకుంటే చాలదు. ఈ ప్రమాణానికి సరిపోతుందని బ్యాచ్ నంబరుతో సంతకం పెట్టిన లెటరు తీసుకోవాలి. ఐరోపాకు వెళ్లే సరుకైతే అక్కడి కొనుగోలుదారు స్విట్జర్లాండ్ ఇంకు నిబంధనల గురించి కూడా అడుగుతాడు, దానికి సప్లయర్ వేరే పత్రం ఇవ్వాలి. సాల్వెంట్ ఇంకుతో వేసిన ఫుడ్ ఫిల్మ్‌లో మిగిలిపోయిన సాల్వెంట్‌ను గ్యాస్ క్రొమటోగ్రఫీతో కొలిపిస్తారు. చదరపు మీటరుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉండాలనే షరతు చాలాచోట్ల కనిపిస్తుంది. బిస్కెట్, టీపొడి లాంటి వాసన పట్టే సరుకులకు ఇంకా తక్కువే అడుగుతారు.

ఇప్పుడు ధర

లెక్క కోసం ధరలు ఇలా అనుకుందాం. ఒక సప్లయర్ ఇంకు కిలో 300 రూపాయలు, ఇంకొకరిది 360. సాల్వెంట్ కిలో 100. మొదటి ఇంకు మెషీన్ మీదకు వెళ్లే విస్కాసిటీకి రావడానికి కిలోకు 300 గ్రాముల సాల్వెంట్ తాగింది. 1.3 కిలోలకు 330 రూపాయలు, అంటే కిలో దాదాపు 254. రెండోది చిక్కగా ఉండి 700 గ్రాములు తాగింది. 1.7 కిలోలకు 430, అంటే కిలో దాదాపు 253. డబ్బా మీద 60 రూపాయల తేడా ట్రేలోకి వచ్చేసరికి మాయమైపోయింది. ఆ పల్చన చేసిన ఇంకు డెన్సిటోమీటర్‌లో అదే రంగు బలం చూపిస్తే రెండూ ఒకటే, ఎక్కువ చూపిస్తే ఖరీదైనదే చవక, తక్కువ చూపిస్తే వదిలేయండి. పోల్చేటప్పుడు అదే అనిలాక్స్, అదే ఫిల్మ్, అదే ఫోర్డ్ కప్పు సెకన్లు ఉండాలి. ఒకదానికి పాత అరిగిన అనిలాక్స్, ఇంకోదానికి కొత్తది పెట్టి చేసిన ట్రయల్ ఎందుకూ పనికిరాదు.

తెలుపు ఇంకును మాత్రం వేరుగా లెక్కేయండి. పారదర్శక ఫిల్మ్ మీద అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయ్యేది తెలుపే. దాని దట్టం తక్కువైతే మిగతా రంగులన్నీ మురికిగా కనిపిస్తాయి. నాలుగు రంగుల్లో పది రూపాయలు మిగుల్చుకునే బదులు తెలుపు ఒక్కదానికి మంచి గ్రేడు పెట్టుకోవడం నా సలహా.

కొత్తగా మొదలుపెట్టే యూనిట్‌కు ఇంకో మాట. పాలిథిన్ సర్ఫేస్‌కు ఒక సెట్టు, ల్యామినేషన్‌కు ఒక సెట్టు, రెండు సాల్వెంట్ ఇంకు సెట్లు చాలు. రెండింటి డబ్బాలకూ వేర్వేరు రంగు మూతలు పెట్టించండి. పొరపాటున పాలీఅమైడ్ ఇంకు ల్యామినేషన్ జాబ్‌లోకి వెళ్తే పొరలు చేత్తో లాగితే ఊడొచ్చేస్తాయి, ఆ సంగతి సరుకు నింపాక గానీ తెలియదు. ప్రింటయిన ప్రతి జాబ్ నుంచి ఒక మీటరు ఫిల్మ్, ఆ రోజు వాడిన ఇంకు బ్యాచ్ నంబరు, కలిపిన సాల్వెంట్ పాళ్లు రాసిన చీటీ, ఈ మూడూ ఒక కవర్లో పెట్టి, ఆ సరుకు ఎక్స్‌పైరీ తేదీ దాటేదాకా దాచండి. ఫిర్యాదు వచ్చిన రోజున సప్లయర్‌తో మాట్లాడటానికి మీ చేతిలో ఉండేది ఆ కవరే.